58 ఇళ్లూ ఒక్కచోటే పడ్డాయి!

పోయిన సంచికలో "అడ్రస్‌ల మీద మీ డౌట్లు పంపండి" అన్నందుకు ఇరవై దాకా ఉత్తరాలు, వాట్సాప్ మెసేజ్‌లు వచ్చాయి. ముందే చెప్తున్నా, నేను ఇంజినీర్‌ను కాను. వరంగల్ చౌరస్తా దగ్గర ఒక పార్శిల్ ఆఫీసులో ఆరేళ్లు అడ్రస్‌లు టైప్ చేశాను. ఇప్పుడు శివనగర్‌లో ఇంట్లోనే కూర్చుని దుకాణాల వాళ్లకు కస్టమర్ల లిస్టులు సరిచేసి ఇస్తున్నాను. సరిగ్గా చేరిన పార్శిళ్లు ఒక్కటీ గుర్తు లేవు, దారి తప్పినవి మాత్రం బాగా గుర్తున్నాయి. నా చదువంతా వాటి దగ్గరే.

ప్రశ్న: గీసుగొండ మండలంలో మాకు వాటర్ ప్లాంటు ఉంది. 212 ఇళ్లకు ఇరవై లీటర్ల క్యాన్లు వేస్తాం. ట్రాలీ ఆటోకు కొత్త పిల్లగాడు వచ్చాడని, వాడికి దారి తెలియాలని మా తమ్ముడు లిస్టంతా ఎక్సెల్‌లో కొట్టి మ్యాప్‌లోకి ఎక్కించాడు. 58 ఇళ్లు ఒక్కచోటే ఒకదాని మీద ఒకటి పడ్డాయి. మా ఊళ్లోవే ఇంకో మూడు పెద్దపల్లి జిల్లాలో తేలాయి. సాఫ్ట్‌వేర్ బాగలేదని తమ్ముడు అంటున్నాడు. నిజమేనా మేడమ్?
– ఒక పాఠకుడు, ధర్మారం

జవాబు: మీ లిస్టు ఫొటో పంపి మంచి పని చేశారు. చూశాక సాఫ్ట్‌వేర్‌ను తిట్టబుద్ధి కాలేదు. ఆ 58 వరసల్లో అడ్రస్ గడిలో ఉన్నది ఒకటే మాట: "వరంగల్ 506002". అంతే. కానీ పక్కనే పేరు గడిలో చూడండి, మీ తమ్ముడు "కిరాణం సారు, పోచమ్మ గుడి ఎనక రెండో గల్లీ" అని శుభ్రంగా రాశాడు. సమాచారం ఉంది, ఉండాల్సిన గడిలో లేదు.

మా మామయ్య పోస్ట్‌మ్యాన్‌గా చేసి రిటైరయ్యారు. సగం అడ్రస్‌తో కార్డు వస్తే ఆయన వాడ మొదట్లో సైకిల్ ఆపి "గిది ఎవలదే?" అని నలుగురిని అడిగేవారు. ఎవరికీ తెలియకపోతే కార్డు వెనక్కి పోయేది. మ్యాప్ సాఫ్ట్‌వేర్ చాలావరకు అడగదు, వెనక్కీ పంపదు. మనం రాసినదాంట్లో దానికి ఎంతవరకు అర్థమైతే అంతవరకు పోయి, అక్కడే పిన్ను గుచ్చి, పని అయిపోయిందంటుంది. ఇంటి నంబర్ దొరకకపోతే రోడ్డు, రోడ్డు దొరకకపోతే కాలనీ, అదీ లేకపోతే పిన్‌కోడ్, చివరికి ఊరు. ఊరి పేరు, పిన్‌కోడ్ మాత్రమే ఇస్తే ఆ ప్రాంతం మధ్యలో ఎక్కడో గుచ్చుతుంది. మీ 58 మందిని అక్కడే దింపింది. పిన్ను చూడ్డానికి మాత్రం ఇంటి మీద పడ్డ పిన్నులాగే, అదే రంగులో, అదే ధీమాగా ఉంటుంది. మోసపోయేది ఇక్కడే.

ఇలా అడ్రస్‌ను మ్యాప్ మీద చుక్కగా మార్చే పనిని జియోకోడింగ్ అంటారు. గూగుల్ వాళ్ల జియోకోడింగ్ సర్వీస్ అయితే ప్రతి జవాబుతోపాటు అది ఎంత నమ్మకమైనదో కూడా చెప్తుంది. నాలుగు మెట్లు: ఇంటి కప్పు మీదే పడిందా, రోడ్డు మీద రెండు నంబర్ల మధ్య అంచనా వేసిందా, రోడ్డుకో కాలనీకో నడిమధ్యలో పెట్టిందా, లేక ఉత్త ఇంచుమించేనా అని. మీరు వాడే యాప్‌లో ఇలాంటి కాలమ్ ఉంటే, పిన్నులు చూసేముందు దాన్ని చూడండి. లేకపోతే చిన్న ఉపాయం: మ్యాప్‌ను బాగా దగ్గరికి లాగండి. ఎంత దగ్గరికి లాగినా రెండు ఇళ్లు ఒకే చుక్క మీద ఉంటే, అవి ఇళ్లు కావు, సాఫ్ట్‌వేర్ చేతులెత్తేసిన చోటు.

రెండు నంబర్ల మధ్య అంచనా అన్నాను కదా, మన దగ్గర అది పెద్దగా పని చేయదు. అమెరికాలో ఇంటి నంబర్లు రోడ్డు వెంట వరసగా పెరుగుతూ పోతాయి. 100కీ 200కీ మధ్య 150 ఎక్కడుంటుందో లెక్క కట్టొచ్చు. మన టౌన్లలో ఇంటి నంబర్ అంటే వార్డు, బ్లాకు, ఇల్లు. ఆ మీద బై నంబర్లు. అన్నదమ్ములు పంచుకుంటే 45 పక్కన 45/ఎ వస్తుంది, ఆ ఎలో మళ్లీ వాటాలు పడితే 45/ఎ/1. మా గల్లీలో 91 పక్క గేటు 118. ఆ రెండింటి మధ్య ఏం అంచనా వేస్తుంది పాపం? అందుకే మనకు ఇంటి నంబర్ కంటే కాలనీ పేరు, రోడ్డు పేరు ఎక్కువ పని చేస్తాయి. అట్లాగని నంబర్ మానేయకండి. మ్యాప్‌కు పనికిరాకపోయినా గేటు ముందు నిలబడ్డ పిల్లగాడికి పనికొస్తుంది.

పెద్దపల్లి సంగతి. మీ ధర్మారం మీకు ఒక్కటే, కానీ పెద్దపల్లి జిల్లాలో ధర్మారం ఏకంగా మండలం. నిజామాబాద్ వైపూ ఒక ధర్మారం ఉంది. ఆ మూడు వరసల్లో "ధర్మారం, తెలంగాణ" అని మాత్రమే ఉంది, పిన్‌కోడ్ లేదు. పెద్ద ఊరిని ఎంచుకుంది, దాని తప్పేముంది? ఈ గొడవ మన పెద్దలకు కంప్యూటర్ల కంటే ముందే తెలుసు. స్టేషన్ ఘన్‌పూర్, ములుగు ఘన్‌పూర్ అని విడదీసి పిలిచింది అందుకే. ఆత్మకూర్‌లయితే చెప్పనక్కర్లేదు. హన్మకొండ జిల్లాలో ఒకటి, వనపర్తిలో ఒకటి, యాదాద్రి భువనగిరిలో ఆత్మకూర్ (ఎం), సూర్యాపేటలో ఆత్మకూర్ (ఎస్). కృష్ణ దాటితే ఇంకా ఉన్నాయి. ఊరి పేరు పక్కన మండలం, జిల్లా, పిన్‌కోడ్ మూడూ రాయండి. ఒకటి తప్పినా మిగతా రెండు పట్టుకుంటాయి.

ఇక ఎట్లా సరిచేయాలంటే, ఒకే గడిలో అన్నీ కుక్కకుండా కాలమ్‌లు విడగొట్టండి: పేరు, ఇంటి నంబర్, గల్లీ లేదా రోడ్డు, కాలనీ లేదా గ్రామం, మండలం, జిల్లా, రాష్ట్రం, పిన్‌కోడ్, దేశం. ఆనవాలుకు వేరే కాలమ్. గూగుల్ మై మ్యాప్స్‌లోకి షీటు ఎక్కించేటప్పుడు "ఏ కాలమ్‌ను బట్టి పిన్నులు పెట్టాలి" అని అడుగుతుంది. అక్కడ ఒక్కటే కాదు, ఎన్ని కావాలంటే అన్ని టిక్ పెట్టొచ్చు. చాలామంది ఊరు ఒక్కటి టిక్ పెట్టి ముందుకు పోతారు. మీ తమ్ముడూ అదే చేశాడేమో అడగండి. ఆనవాలు కాలమ్‌కు మాత్రం టిక్ పెట్టొద్దు. "వేపచెట్టు పక్కన" అన్నది పిల్లగాడు చదువుకోవడానికి, మ్యాప్‌కు కాదు. అది కలిస్తే మంచి అడ్రస్ కూడా గందరగోళమవుతుంది. ఇంకొకటి, ఫోన్ నంబర్ల కాలమ్ తీసేసి ఎక్కించండి, మ్యాప్‌ను అందరికీ కనిపించేలా పెట్టకండి. నీళ్ల క్యాన్ వేయించుకున్న పాపానికి వాళ్ల ఇల్లూ నంబరూ ఊరందరికీ ఎందుకు?

ఇంత చేసినా కొన్ని కుదరవు. వాటికి పిల్లగాడి చేత పని చేయించండి. క్యాన్ దింపినప్పుడు గేటు ముందు నిలబడి ఫోన్‌లో గూగుల్ మ్యాప్స్ తెరిచి, ఆ చోటు మీద వేలు అదిమి పట్టుకుంటే పిన్ను పడి అక్షాంశం, రేఖాంశం అని రెండు సంఖ్యలు వస్తాయి. అవి వాట్సాప్‌లో పంపితే మీరు షీటులో ఎక్కించుకోవచ్చు. ఇంటికి ఒక్కసారి చేస్తే చాలు.

ప్రశ్న: ఇంటి నంబర్ 2-5-10 అని కొడితే ఎక్సెల్ దాన్ని తేదీ చేస్తోంది. మళ్లీ మార్చబోతే 40300 అని వస్తోంది. తల పగులుతోంది.
– ఒక పాఠకురాలు, పరకాల

జవాబు: మీ తల ఒక్కటే కాదమ్మా. బతుకమ్మకు ముందు ఒక బట్టల దుకాణానికి పండుగ కార్డుల స్టిక్కర్లు నేనే చేసిచ్చాను. 340 స్టిక్కర్లు అతికించాక ఓనరు ఫోన్ చేసి "అమ్మా, మా కస్టమర్లందరూ మే నెలలో పుట్టిండ్రా?" అన్నాడు. చూస్తే ఇంటి నంబర్ ఉండాల్సిన చోట తేదీలు. అన్నీ కాదు, అక్కడక్కడ. 2-5-318 లాంటివి తేదీ కాలేవు కాబట్టి అట్లాగే ఉంటాయి, 2-5-10 లాంటివి మారిపోతాయి. మొదటి పేజీలో పెద్ద నంబర్లే ఉన్నాయి, నేను మొదటి పేజీ చూసి వదిలేశాను. ఆ రాత్రి కూర్చుని మళ్లీ కొట్టాను, డబ్బులు అడగలేదు.

40300 అంటే 2010 మే 2వ తేదీకి ఎక్సెల్ లోపల పెట్టుకునే లెక్క నంబర్. ఒకసారి తేదీ అయ్యాక టెక్స్ట్ అని మార్చినా మీ 2-5-10 తిరిగి రాదు, ఆ లెక్కే బయటపడుతుంది. కాబట్టి టైప్ చేయకముందే కాలమ్ మొత్తం సెలెక్ట్ చేసి ఫార్మాట్‌ను టెక్స్ట్ చేసుకోండి. ఒకటో రెండో గడులైతే ముందు పైకామా పెట్టి కొట్టండి, '2-5-10 అని. పల్లెల్లో 3-12 లాంటి చిన్న నంబర్లు ఉంటాయి, అవి 03-డిసెంబర్ అయిపోతాయి. వాటి మీద ఎక్కువ కన్నేయండి. ఎవరైనా సీఎస్‌వీ ఫైల్ (గడుల మధ్య కామాలు పెట్టిన ఉత్త టెక్స్ట్ ఫైల్) పంపితే దాన్ని డబుల్ క్లిక్ చేసి తెరవకండి, తెరిచీ తెరవగానే మారిపోతుంది. డేటా ట్యాబ్‌లోంచి లోపలికి తెచ్చుకుంటూ ఆ కాలమ్‌కు టెక్స్ట్ అని చెప్పండి.

ప్రశ్న: మాది హన్మకొండ జిల్లా కమలాపూర్. పిన్‌కోడ్ కొట్టగానే ఫారంలో జిల్లా దానంతటదే కరీంనగర్ అని పడుతుంది. మారిస్తే ఒప్పుకోదేమోనని టెన్షన్. ఏది ఉంచాలి?
– ఒక డిగ్రీ విద్యార్థి

జవాబు: హన్మకొండ అనే మార్చండి, పిన్‌కోడ్ మాత్రం ముట్టుకోకండి. రెండూ నిజమే. మన రాష్ట్రంలో పది జిల్లాలు ముప్పై ఒకటి అయ్యింది 2016 అక్టోబర్ 11న. అప్పుడు కమలాపూర్, ఎల్కతుర్తి, భీమదేవరపల్లి కరీంనగర్ జిల్లా వదిలి ఇటు వచ్చాయి. పిన్‌కోడ్ రెవెన్యూ వాళ్లది కాదు, తపాలా వాళ్లది. 1972 ఆగస్టు 15న మొదలైంది. మొదటి అంకె 5 అంటే తెలంగాణ, ఆంధ్రప్రదేశ్, కర్ణాటకల వైపు. మొదటి మూడంకెలు ఉత్తరాలు వేరుచేసే తపాలా జిల్లా, చివరి మూడు బట్వాడా చేసే పోస్టాఫీసు. మీ మండలం హన్మకొండకు వచ్చింది కానీ మీ పోస్టాఫీసు నంబర్ 505తోనే ఉండిపోయింది. దాన్ని 506 చేస్తే మీ ఉత్తరం వేరే ఊళ్లు తిరిగొస్తుంది.

ఇదే సందర్భంలో పాత లిస్టులు ఉన్న దుకాణాల వాళ్లకో మాట. 2021 ఆగస్టులో వరంగల్ అర్బన్‌ను హన్మకొండ అని, వరంగల్ రూరల్‌ను వరంగల్ అని మార్చారు కదా అని, షీటులో ఫైండ్ రీప్లేస్ కొట్టి ఊపిరి పీల్చుకున్న వాళ్లున్నారు. నేనూ మొదట అదే చేద్దామనుకున్నాను. కానీ అప్పుడు పేర్లే కాదు, మండలాలు కూడా అటూ ఇటూ అయ్యాయి. రూరల్‌లో ఉన్న పరకాల, నడికూడ, దామెర, ఆత్మకూర్, శాయంపేట హన్మకొండలో కలిశాయి. అర్బన్‌లో ఉన్న వరంగల్, ఖిలా వరంగల్ మండలాలు వరంగల్ జిల్లాకు వచ్చాయి. అంటే ఖిలా వరంగల్ కస్టమర్‌ను కళ్లు మూసుకుని మారిస్తే, కోట హన్మకొండ జిల్లాకు పోతుంది. మండలం కాలమ్ చూసుకుని మార్చండి. మండలం కాలమ్ లేదా? అందుకే పైన కాలమ్‌లు విడగొట్టమన్నది.

ప్రశ్న: మా వాడలో మా ఇంటి పేరు చెబితే చిన్నపిల్లవాడైనా తీసుకొస్తాడు. ఈ కాలమ్‌ల గోల మాకెందుకు?
– ఒక రిటైర్డ్ టీచర్, మట్టెవాడ

జవాబు: నమస్తే సార్. మీ వాడ దాకా వచ్చాక మీరన్నదే కరెక్ట్. వాడ దాకా తీసుకురావడానికే ఈ గోల. అర్ధరాత్రి 108 వస్తే వీధిలో చిన్నపిల్లలు ఉండరు కదా సార్. ఆనవాలు కూడా చెప్పండి, కానీ ఇంకా ఉన్నది చెప్పండి. ఎప్పుడో కూలగొట్టిన టాకీస్ పేరు చెప్పి "దాని ఎదురుగా" అంటే కొత్త పిల్లలు ఏం వెతుకుతారు? కొన్ని పేర్లకు ఆ బాధ లేదు లెండి. హన్మకొండలో పెగడపల్లి డబ్బాలు అనండి, ఆటోవాళ్లు ఇంకో ప్రశ్న వేయరు.

ప్రశ్న: అడ్రస్ తెలుగులో కొట్టాలా, ఇంగ్లిష్‌లోనా?
– ఒక పాఠకురాలు, కాజీపేట

జవాబు: ఏదైనా పర్వాలేదు, ఒక షీటు మొత్తం ఒకే తీరుగా కొట్టండి. హన్మకొండను ఇంగ్లిష్‌లో ఒకే లిస్టులో ఐదు స్పెల్లింగ్‌లతో చూశాను. ఒకరు హెచ్ఏ తర్వాత ఎన్ఏ పెడతారు, ఒకరు ఎన్‌యూ, ఇంకొకరు మధ్యలో ఏమీ లేకుండా ఎన్ఎమ్. మ్యాప్‌కు ఎట్లాగో అర్థమవుతుంది కానీ, కాజీపేట కస్టమర్లు ఎందరు, హన్మకొండ కస్టమర్లు ఎందరు అని మీరు లెక్క తీసేటప్పుడు ఐదు ఊర్లు వస్తాయి. పొట్టి పేర్లు అసలు వద్దు. డబ్ల్యూఎల్ అంటే రైల్వేవాళ్లకు వరంగల్ స్టేషన్, టికెట్ తీసుకున్నవాడికి వెయిటింగ్ లిస్టు.

ప్రశ్న: మేం బోర్లు వేస్తాం. రైతుల పొలాలకు అడ్రస్ ఉండదని లొకేషన్ అంకెలే రాసుకుంటాం. వాటిని ఒక సాఫ్ట్‌వేర్‌లో ఎక్కిస్తే జనగామ దగ్గరి పొలాలన్నీ మంచు కొండల్లో పడ్డాయి. కొన్నయితే సముద్రంలో!
– ఒక పాఠకుడు, జనగామ

జవాబు: ఈ నెల వచ్చినవాటిలో నాకు బాగా నచ్చిన ఉత్తరం మీదే. మంచు కొండలంటే స్వాల్‌బార్డ్ అయ్యుంటుంది, ఉత్తర ధ్రువం దగ్గర నార్వే వాళ్ల దీవులు. ధ్రువపు ఎలుగుబంట్లు తిరుగుతాయి. బోరు వేస్తే నీళ్లకు ముందు మంచే తగులుతుంది.

జరిగింది ఇంతే. మీ పొలం 17.72, 79.15 అనుకోండి. మొదటిది అక్షాంశం, రెండోది రేఖాంశం. గూగుల్ మ్యాప్స్ ఈ వరసలోనే చూపిస్తుంది. కానీ కేఎంఎల్, జియోజేసన్ లాంటి మ్యాప్ ఫైళ్లు రేఖాంశమే ముందు అడుగుతాయి. ఎక్కడో ఒకచోట తారుమారై 79.15 అక్షాంశమైపోయింది. ఆ లెక్కన చూస్తే నిజంగానే స్వాల్‌బార్డే. తెలంగాణలో ఎక్కడైనా అక్షాంశం 15కీ 20కీ మధ్య, రేఖాంశం 77కీ 82కీ మధ్య ఉంటుంది. ఏ కాలమ్‌లో ఏది ఉందో ఒక్క చూపులో తెలిసిపోతుంది.

సముద్రంలో పడ్డవి అంకెలు రాయని వరసలు. ఖాళీ గడిని సాఫ్ట్‌వేర్ సున్నా అనుకుంటే 0, 0 దగ్గర గుచ్చుతుంది. అది ఆఫ్రికా పక్కన గినియా సింధుశాఖలో ఉంది. కంప్యూటర్ వాళ్లు దాన్ని ఎగతాళిగా నల్ ఐలాండ్ అంటారు, దీవేమీ లేదు.

అంకెలను కుదించకండి కూడా. ఒక డిగ్రీ అక్షాంశం అంటే దాదాపు 111 కిలోమీటర్లు. దశాంశం తర్వాత రెండంకెలకే ఆపితే కిలోమీటరు దాకా తేడా రావచ్చు. నాలుగంకెలు ఉంటే పదకొండు మీటర్లు. మీ పనికి ఐదు రాసుకోండి, అంకెలు కుదించడం వల్ల వచ్చే తేడా మీటరు దగ్గరే ఆగుతుంది.

ప్రశ్న: డిజిపిన్ వచ్చిందట కదా, ఇక ఇంటి నంబర్ అక్కర్లేదా?
– ఒక పాఠకుడు, నర్సంపేట

జవాబు: 2025 మేలో తపాలా శాఖ తెచ్చింది. ఐఐటీ హైదరాబాద్, ఇస్రో వాళ్ల ఎన్‌ఆర్‌ఎస్‌సీ (నేషనల్ రిమోట్ సెన్సింగ్ సెంటర్) కలిసి తయారుచేశాయి. దేశమంతా దాదాపు నాలుగు మీటర్ల గడులుగా విడగొట్టి, ఒక్కో గడికి పదక్షరాల కోడ్ ఇచ్చారు. అక్షాంశ రేఖాంశాల నుంచే ఆ కోడ్ వస్తుంది కాబట్టి పేరులేని గల్లీకీ, పొలానికీ, తండాకూ బాగా పనికొస్తుంది. అడ్రస్ పక్కన దానికి ఒక కాలమ్ పెట్టుకోండి, అడ్రస్ బదులుగా కాదు. మ్యాప్‌ను పైనుంచి చూసి గీసిన గడి అది, మేడ ఎన్ని అంతస్తులో దానికి తెలియదు. మాది పై పోర్షన్, కింద కిరాయికి ఉంటారు. ఇద్దరికీ ఒకటే కోడ్. గ్యాస్ బండ తెచ్చే అబ్బాయి ఇప్పటికీ గేటు దగ్గర నిలబడి "అక్కా, మీదికా, కిందికా?" అని అరుస్తాడు.